‘గది: మామూలు’ అని రాసిన ఎండాకాలం

ఈ నాలుగు పేజీలు రాయడానికి కారణం ఒక పాత నోట్‌బుక్. కరీంనగర్‌లో నేను ఉద్యోగం చేసిన కాలేజీలో, భౌతికశాస్త్రం ల్యాబులో, ఇనుప బీరువా కింది అరలో అది ఉండేది. నీలం అట్ట, పొడుగాటి కాగితాలు. రిటైరయ్యే ముందు ఆ పుస్తకం తెరిచి, ఒక ఎండాకాలం పేజీలన్నీ ఎర్ర సిరాతో దిద్దాలనుకున్నాను. అప్పటికే ఆ గదిని కంప్యూటర్ల కోసం ఇచ్చేశారు. బీరువాకు తాళం వేసి స్టోర్‌కు పంపారు. తాళంచెవి ఎవరి దగ్గరుందని అడిగితే చెప్పేవాళ్లు లేరు.

ఆ పేజీల్లో ఒక తప్పు ఉంది. రాత నాది. ఆ తప్పు వల్ల ఒక మనిషి పరిశోధన నడిమిట్ల ఆగిపోయింది. ఎప్పుడో ఎవరైనా ఆ బీరువా తెరిచి, నా గుండ్రటి అక్షరాలు చూసి, ఎంత శ్రద్ధగా రాశారో అనుకుని నమ్మితే? అందుకని దిద్దుబాటు ఇక్కడ రాస్తున్నాను. ల్యాబుల్లోకి కొత్తగా వచ్చే పిల్లలు చదివితే ఇంకా మంచిది.

నా చదువు

నేను ఇంటర్ తప్పినవాణ్ని. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు చేసి ల్యాబ్ అసిస్టెంటుగా చేరాను. చేరిన మొదటి వారం నాకు అప్పగించిన పని ఫ్యూజులు వేయడం, బల్లలు తుడవడం, కుండలో నీళ్లు నింపడం. మీటరు మీద ముల్లు కదిలితే ఎందుకు కదిలిందో అడిగే హక్కు నాకుందని అప్పుడు తెలియదు.

అడిగే అలవాటు జిల్లా గ్రంథాలయం నేర్పింది. సాయంత్రం ల్యాబు మూసి సైకిల్ మీద అక్కడికి పోయేవాణ్ని. గ్రంథాలయంలో యాదగిరి అనే పెద్దాయన ఉండేవారు. న్యూస్‌పేపర్ల బల్ల దాటి లోపలి అరల దాకా వచ్చేవాళ్లంటే ఆయనకు ప్రాణం. డిగ్రీ తెలుగు మీడియం భౌతికశాస్త్రం పుస్తకాలు మూడూ ఆయన చేతి మీదుగా చదివాను. తర్వాత ఇంగ్లీషు పుస్తకాలు, పక్కన నిఘంటువు పెట్టుకుని. ఒక పేజీకి ఒక సాయంత్రం పట్టేది. అయినా పేజీ నాదయ్యేది. పెద్ద చదువులు చదివినవాళ్ల ముందు ఇప్పటికీ ఈ సంగతి కొంచెం గర్వంగానే చెప్తాను. ఆ గర్వమే నన్నొకసారి దెబ్బ తీసింది కాబట్టి దాన్ని దాచడం కుదరదు.

తెల్ల బిళ్ల

మా ల్యాబులో పని ఒక బిళ్ల మీద జరిగేది. రూపాయి బిళ్లంత ఉంటుంది, తెల్లగా, పింగాణీలా. బేరియం, జిర్కోనియం, ఆక్సిజన్ కలిసిన పదార్థం. అందులో చిటికెడు యిట్రియం కలిపితే లోపల ఆక్సిజన్ ఉండాల్సిన గూళ్లు కొన్ని ఖాళీగా మిగిలిపోతాయి. కల్వంలో పొడి నూరి, అచ్చులో పోసి ఒత్తి, కాల్చడానికి హైదరాబాద్ పంపేవాళ్లం, మా ఫర్నేస్ అంత వేడికి ఆగేది కాదు. కాలి వచ్చిన బిళ్లకు రెండు వైపులా వెండి పూత పూసి, వెండి తీగలు అంటించి, పింగాణీ గొట్టంలో పెట్టి, ఎర్రగా వేడి చేసి, ఆ గొట్టం గుండా గ్యాసు పంపడం మా పని.

పింగాణీ కరెంటును ఆపుతుందని మనందరికీ తెలుసు. స్తంభాల మీద తెల్ల కప్పులు అందుకే పెడతారు. ఈ బిళ్ల అట్లా కాదు. చుట్టూ ఏ గాలి ఉందో చూసుకుని నడుచుకుంటుంది. ఆక్సిజన్ పంపితే ఒక తీరు. ఏ పదార్థంతోనూ కలవని ఆర్గాన్ పంపితే కరెంటుకు అడ్డం పెరుగుతుంది. అదే ఆర్గాన్‌ను నీళ్ల సీసాలోంచి బుడగలుగా పంపి, తేమ పట్టించి తోలితే అడ్డం తగ్గిపోతుంది. ఆవిరిలోని ఆక్సిజన్ బిళ్ల లోపలి ఖాళీ గూట్లో కూర్చుంటుంది. వెంట వచ్చిన హైడ్రోజన్లు పక్కనున్న ఆక్సిజన్లను పట్టుకుంటాయి. ఎలక్ట్రాన్ వదిలేసిన ఆ హైడ్రోజన్లే ప్రోటాన్లు. అవి ఒక ఆక్సిజన్ నుంచి ఇంకో ఆక్సిజన్‌కు దూకుతూ కరెంటు మోస్తాయి.

నాకు నేను ఇట్లా చెప్పుకున్నాను: ట్యాంకర్ దగ్గర జనం వరసగా నిలబడి బిందెలు చేతులు మార్చుకుంటారు. అందుకున్న మనిషి పక్కకు తిరిగితేనే బిందె ముందుకు పోతుంది. ఇక్కడా అంతే. దూకాలి, తిరగాలి, మళ్లీ దూకాలి.

మా దగ్గర బిళ్ల అడ్డం ఎంతుందో కాగితపు చుట్ట మీద పెన్నుతో గీత గీసి చూపే యంత్రం ఉండేది. తేమ గ్యాసు వాల్వు తిప్పిన కాసేపటికి, అంతదాకా తిన్నగా నడుస్తున్న గీత మెల్లగా తల వంచి దిగేది. చూస్తుంటే బిళ్ల ఊపిరి పీల్చుకున్నట్టుండేది. ఇప్పటికీ పొద్దున లేచి చాయ్ గ్లాసు పట్టుకుని గోడ చూస్తూ కూర్చున్నప్పుడు నాకు కనిపించేది ఆ వంపే. ఇన్నేళ్ల ఉద్యోగంలోంచి ఏం కావాలని అడిగితే, ఆ గీత ఒక్కసారి మళ్లీ దిగుతుంటే చూడాలని చెప్తాను.

ఇద్దరు మనుషులు, ఒక సిలిండర్ బండి

ల్యాబుకు పెద్ద నరహరి సారు. తెలివి గల మనిషి, చేతులకు మసి అంటించుకోని మనిషి. కొత్త ఫర్నేస్ వచ్చినప్పుడు కొండగట్టు సిందూరం తెప్పించి దాని మూత మీద బొట్టు పెట్టించారు. ఆ బొట్టు వేడికి నల్లబడి, గీకినా పోలేదు. సారు మాట కూడా అంతే, ఒకసారి పడితే పోయేది కాదు.

పరిశోధనకు వచ్చిన అమ్మాయి స్వరూప. మెట్‌పల్లి దగ్గర పల్లె. వాళ్ల బాపు మస్కట్‌లో తాపీ పని చేసేవాడు. సోమవారం పొద్దున మెట్‌పల్లి బస్సు దిగి, సంచితో నేరుగా ల్యాబుకు వచ్చేవారు, హాస్టల్‌కు తర్వాత పోయేవారు. వయసులో నాకంటే చాలా చిన్న. నేను మేడం అనేవాణ్ని, ఆమె ఓదెలన్నా అనేవారు. నేను ప్రశ్న అడిగితే ‘నీకెందుకు’ అనని మొదటి మనిషి ఆమె.

గ్యాసు సిలిండర్లు ఖాజా భాయ్ తెచ్చేవాడు. మెట్ల మీదుగా పైకి దొర్లించుకొస్తూ రొప్పేవాడు.

“ఓదెలన్నా, నల్లది ఆక్సిజన్, నీది. నీలంది ఆర్గాన్, అది గూడ నీదే. నడుం మాత్రం నాది.”

“జర మెల్లగ దించు భాయ్, పేలుతది.”

“పేలితే పేలనీ. గీ మెట్ల నుంచన్న ఛుట్టీ దొరుకుతది.”

మేడం నవ్వు కింది గది దాకా వినిపించేది.

రెండో మలుపు

ఆ ఎండాకాలం మేడం చేస్తున్న పరీక్ష ఇది. పొద్దున్నే ఫర్నేస్ వేస్తే వేడి నిలకడ కావడానికి పదకొండు అయ్యేది. అప్పటిదాకా బిళ్ల మీద పొడి ఆక్సిజన్. పదకొండుకు వాల్వు తిప్పి పొడి ఆర్గాన్. బిళ్ల ఎట్లా స్పందిస్తుందో రెండు దాకా చూడాలి. అడ్డం పెరిగి, ఒక చోట ఆగి, తిన్నగా నడవాలి. పుస్తకాల్లో అట్లాగే ఉంది.

గీత పెరిగింది, ఆగింది. అరగంట తర్వాత మెల్లగా కిందికి దిగడం మొదలుపెట్టింది.

మర్నాడూ అంతే. ఆ పై వారమూ అంతే. కొత్త బిళ్ల పెట్టినా అంతే. మేడం దానికి ‘రెండో మలుపు’ అని పేరు పెట్టారు. పొడి గ్యాసులో అడ్డం తగ్గడానికి కారణం బయట లేదు కాబట్టి, బిళ్ల లోపలే ఏదో మెల్లగా సర్దుకుంటోందని ఆమె అనుకున్నారు. నరహరి సారు గ్రాఫులు వరసగా పరిచి చూసి, మొదటిసారి కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

“స్వరూపా, గిది ఇంతవరకు ఎవరు చెప్పలే. నీ థీసిస్ గిదే.”

నేను కూడా సంబరపడ్డాను. ఆ రోజు చాయ్‌లు నేనే తెచ్చాను.

రోజూ నోట్‌బుక్ నింపడం నా పని. తేదీ, బిళ్ల నంబరు, వేడి, ఏ గ్యాసు, ఎప్పుడు మార్చాం. చివరి గడి ‘గది’. ఆ గడిలో ప్రతిరోజూ ఒకే మాట రాశాను. మామూలు. మామూలు. మామూలు.

మోటారు కాలిన రోజు

కాలేజీ నీళ్ల మోటారు పదకొండుకు వేసేవాళ్లు. ట్యాంకు నిండి మూడో అంతస్తు నల్లాలో నీళ్లు రావడానికి పదకొండున్నర అయ్యేది. అప్పుడు నేను నాలుగు బకెట్ల నీళ్లు మోసి కూలర్‌లో పోసి స్విచ్ వేసేవాణ్ని. కరీంనగర్‌లో ఎండాకాలం కూలర్ లేని గది ఉంటుందా? తడిసిన గడ్డి మీదుగా చల్లటి గాలి వస్తే మేడం కళ్లు మూసుకుని, “ఓదెలన్నా, నీకు పుణ్యముంటది” అనేవారు. కూలర్ కిటికీలో ఉండేది. గాలి నేరుగా సిలిండర్ల మూలకు కొట్టేది. సిలిండర్ల నుంచి ఫర్నేస్ దాకా గ్యాసు పోయే మెత్తటి ప్లాస్టిక్ గొట్టం అక్కడే గోడ వెంట వేలాడేది.

ఒక రోజు మోటారు కాలిపోయింది. నీళ్లు రాలేదు. కూలర్ వేయలేదు. బనియన్ పిండితే చెమట కారేటట్టు ఉంది. గీత పెరిగింది, ఆగింది, రెండు దాకా తిన్నగా నడిచింది. మలుపు రాలేదు.

“బిళ్ల పలిగిందేమో అన్నా. గీ రోజు కొట్టెయ్యుండ్రి” అన్నారు మేడం.

నేను నోట్‌బుక్ తీశాను. ఆ ఎండాకాలం మొత్తంలో నా మట్టుకు గది మామూలుగా లేనిది ఆ ఒక్కరోజే. అయినా చెయ్యి అలవాటుగా ‘మామూలు’ అని రాసేసింది.

మర్నాడు మోటారు బాగైంది. నీళ్లు పోశాను. అదే బిళ్లకు మలుపు వచ్చింది.

అప్పుడు మొదలైంది నా పరేషాన్. మూడు సాయంత్రాలు గ్రంథాలయంలో కూర్చున్నాను. యాదగిరి గారు పై అరలోంచి దుమ్ము పట్టిన పాత ఇంగ్లీషు పుస్తకం దించారు, ల్యాబు పనివాళ్ల కోసం రాసింది. అందులో గొట్టాల మీద ఒక పేజీ ఉంది. నిఘంటువుతో కుస్తీ పట్టి చదివితే తేలింది ఇది: రబ్బరు, మెత్తటి ప్లాస్టిక్ గొట్టాలు నీటిని ఆపుతాయి కానీ ఆవిరిని ఆపవు. బయట గాలిలో తేమ ఉంటే గోడలోంచి అది లోపలికి చేరుతుంది.

ఆదివారం పొద్దున తాళం తీసి ఒక్కణ్నే ఫర్నేస్ వేశాను. కూలర్ వేయలేదు. పొడి ఆర్గాన్ పంపి, గీత తిన్నగా నడిచేదాకా ఆగి, నా తువ్వాల నీళ్లలో ముంచి గొట్టానికి చుట్టాను. కొద్దిసేపటికి గీత దిగింది. తువ్వాల తీసేసి గొట్టం తుడిచాను. గీత మెల్లగా ఎక్కింది. మళ్లీ చుట్టాను. మళ్లీ దిగింది. రెండో మలుపు బిళ్లది కాదు. నా నాలుగు బకెట్లది.

ఆ క్షణం నాకు కలిగింది బాధ కాదు. సంతోషం. ఇంటర్ తప్పినవాడు కనిపెట్టాడని. ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

మూడు వారాలు

సోమవారం నరహరి సారు గదిలోకి పోయి చెప్పాను.

“సార్, గా రెండో మలుపు బిళ్లది కాదు సార్. కూలర్‌ది.”

ఆయన కళ్లద్దాల మీదుగా చూశారు. “ఏందోయ్ ఓదెలు, కూలర్ గూడ పీహెచ్‌డీ చేస్తుందా?”

“కాదు సార్, తడి తువ్వాల గొట్టానికి చుట్టి చూసిన. లైబ్రరీల ఒక బుక్కుల…”

“నీ తువ్వాల సంగతి మీటింగుల చెప్పమంటవా నన్ను? నువ్వు లైబ్రరీల పేపర్ చదువు, మంచిదే. కూలర్ల నీళ్లు పొయ్యి. మిగిలింది మేం చూసుకుంటం. ఆ పిల్లకు చెప్పి ఉత్తగ పరేషాన్ చెయ్యకు.”

ఆయన గురించి నా అభిప్రాయం దాచుకోను. సారు నా మాట అబద్ధమనుకోలేదు. ఎవరు చెప్పారన్నదే ఆయనకు అడ్డమైంది. ఆ వారమే ఆయన వేరే ఊరిలో జరిగే సదస్సుకు పోయి రెండో మలుపు గ్రాఫు చూపించి వచ్చారు. వాళ్లు అచ్చేసిన పుస్తకంలో అది ఉంది.

కానీ సారు తప్పు కంటే నా తప్పు పెద్దది. నేను ఆయనకు భయపడి మౌనంగా ఉండలేదు. అలిగాను. ‘నీళ్లు పొయ్యి’ అన్నారు కదా, పోస్తాను. వానలు పడి కూలర్ ఆగితే వాళ్లకే తెలుస్తుంది, అప్పుడు నా దగ్గరికే వస్తారు అనుకున్నాను. రోజూ పదకొండున్నరకు బకెట్లు మోశాను. రోజూ గీత దిగింది. రోజూ ‘మామూలు’ అని రాశాను, ఈసారి తెలిసి.

వానలు పడ్డాయి. కూలర్ మూలకు చేర్చాం. మలుపు మాయమైంది. బయట గాలి పొద్దున్నుంచే తేమగా ఉండడంతో అడ్డం మొదటి నుంచే తక్కువగా ఉండేది. బిళ్ల పాతబడిందన్నారు సారు. మేడం కొత్త పొడి నూరారు. కొత్త బిళ్ల కాలి వచ్చింది. మలుపు లేదు. మళ్లీ నూరారు. ఎడమ అరచెయ్యి బొబ్బలెక్కింది. నా దగ్గరికి ఎవరూ రాలేదు. ఎందుకు వస్తారు? నాకు తెలుసని ఆమెకు తెలియదు కదా.

ఒక మధ్యాహ్నం మస్కట్ నుంచి ఫోన్ వచ్చింది. “అయిపోతది బాపూ, దగ్గరపడ్డది” అన్నారు. ఫోన్ పెట్టేసి కల్వం వైపు చూస్తూ కూర్చున్నారు.

“ఓదెలన్నా, నా చెయ్యి మంచిది గాదు. గీ పని నాతోని గాదు.”

అప్పుడు చెప్పాను. మోటారు, పుస్తకం, తువ్వాల, అన్నీ.

“తువ్వాల ఏ ఆదివారం చుట్టిన్రు?”

చెప్పాను. వేళ్ల మీద లెక్కపెట్టారు.

“మూడు వారాలు. మూడు వారాలు నా ముంగట కూసోని చాయ్ తాగిన్రు గదన్నా.”

సారు వద్దన్నారని చెప్పొచ్చు. అది నిజమే. కానీ సారు వద్దన్న పనులు నేను ఎన్ని చేయలేదు?

ఆమె లేచి సిలిండర్ల మూలకు పోయి, ఆ ప్లాస్టిక్ గొట్టాన్ని రెండు చేతులతో లాగి ఊడదీసి, చుట్ట చుట్టి బయట పడేశారు.

“ఇనుపదో రాగిదో గొట్టం ఏడ దొరుకుతది?”

ఒక్కరోజు గ్రాఫు

ఫ్రిజ్‌లు బాగుచేసే సలీం దగ్గర సన్నటి రాగి గొట్టం దొరికింది. రాగి గోడలోంచి ఆవిరి దూరదు. అతుకులన్నిటికీ సబ్బు నురగ రాసి చూసి, నేనూ మేడమూ రెండు రోజుల్లో లైను మొత్తం మార్చాం. ఆ రెండు రోజులు ఆమె నాతో పనికి అవసరమైన మాటలే మాట్లాడారు. పానా ఇయ్యుండ్రి. పట్టుకోండ్రి. బిగించుండ్రి.

సారుకు ఆమే చెప్పారు. ఆయన ఏమన్నారో నాకు తెలియదు. తప్పయిందని ఎవరితోనూ అనలేదు, అచ్చయిన దాన్ని వెనక్కి తీసుకోలేదు. కానీ పదిహేను రోజుల తర్వాత ఆయన బల్ల మీద చిన్న సీసా ఉంది. భారజలం. మామూలు హైడ్రోజన్‌కు బదులు రెట్టింపు బరువున్న హైడ్రోజన్‌తో అయిన నీళ్లు. ఎవరిని అడిగి తెప్పించారో చెప్పలేదు. మనిషిని పూర్తిగా కొట్టెయ్యకూడదని ఆ సీసా చూసి నేర్చుకున్నాను.

పరీక్ష తేలికైనది. పొడి ఆర్గాన్‌లో గీత తిన్నగా నడవాలి. నడిచింది, గంటన్నర, వెంట్రుకంత కూడా వంగకుండా. తర్వాత మామూలు నీళ్ల ఆవిరి పట్టిన ఆర్గాన్. గీత దిగి నిలిచింది. మళ్లీ పొడి గ్యాసుతో ఆరబెట్టి, ఈసారి భారజలం ఆవిరి. గీత దిగింది, కానీ అంత కిందికి పోలేదు.

“చూసిన్రా అన్నా!” మేడం నా భుజం పట్టుకుని ఊపారు. రాగి గొట్టం బిగించినప్పటి నుంచి ‘అన్నా’ అనే పిలుపు వినబడడం అదే మొదలు. “బరువెక్కితే నడక తగ్గింది. నడిచేటిది ప్రోటానే.”

ఇంత పెద్ద పేరున్న సంగతిని మా మూడో అంతస్తు గదిలో, ఫ్రిజ్ గొట్టంతో, మేమిద్దరం చూశాం. ప్రపంచానికి కొత్త కాకపోవచ్చు. పుస్తకాల్లో ఉన్నదే కావచ్చు. మాకు అది మొదటి నిజం.

దాన్ని ఇంకో ఇరవైసార్లు, వేరే వేరే వేడిమిలో చేస్తేనే థీసిస్. కానీ ఆమెకిచ్చిన గడువు ముగిసింది. ఎండాకాలం అంతా లేని మలుపు వెంట పోయింది కదా. అదే నెలలో ఆదిలాబాద్ జిల్లాలో జూనియర్ లెక్చరర్‌గా పోస్టింగ్ వచ్చింది. పోయే రోజు గ్రాఫు కాగితం చుట్టి నా చేతిలో పెట్టారు.

“మీ దగ్గరుంచుండ్రి. సెలవులల్ల వచ్చినంక పూర్తి చేద్దాం.”

సెలవులు వచ్చాయి. నేను ఫర్నేస్ తుడిచి పెట్టేవాణ్ని. వెండి పూత సీసా ఎండిపోకుండా మూత బిగించేవాణ్ని. అతుకులకు సబ్బు నురగ రాసి చూసేవాణ్ని. సోమవారం పొద్దున మెట్‌పల్లి బస్సు వచ్చే వేళకు ఊరికే మెట్ల దాకా పోయి వచ్చేవాణ్ని. సారు రిటైరయ్యారు. ఫర్నేస్‌ను పాత ఇనుము కింద తీసుకుపోయారు. సిందూరం నల్ల మచ్చ ఆటో ట్రాలీ మీద మలుపు తిరిగేదాకా కనిపించింది.

కిటికీ బయట

రిటైరయిన ఏడాది గ్రాఫును ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని ఆదిలాబాద్ బస్సెక్కాను. ఆమె పనిచేసే కాలేజీ ఊరి చివర, రేకుల వరండా. అటెండరు బెంచీ చూపించాడు.

“మేడం క్లాసుల ఉన్నది కాకా. బెల్లు కొట్టెదాంక జర కూసో.”

కూర్చోలేక వరండా వెంట నడిచాను. ల్యాబు కిటికీ తెరిచి ఉంది. లోపలి నుంచి ఆ గొంతే, కొంచెం బొంగురుపోయింది.

“మామూలు అని ఎవరు రాసిన్రు గిక్కడ? లెవ్వు. మామూలు అంటే ఏంది? ఫ్యాన్ తిరుగుతుందా లేదా? కిటికీ తెరిచి ఉందా, మూసి ఉందా? బయట వానా, ఎండా? గది రాయకుంట రీడింగ్ రాస్తే సున్నా.”

“మేడం, కిటికీల పిల్లి కూసున్నది. అది గూడ రాయాల్నా?”

“రాయి. రేపు అది నీ మీటర్ తన్నితే నీకే పనికొస్తది.”

పిల్లలంతా నవ్వారు. ఆమె కూడా నవ్వారు. మా కింది గది దాకా వినిపించే నవ్వు అది.

బెల్లుకు ఇంకా ఇరవై నిమిషాలుంది. ఎదురుపడితే ముందు ఏమనాలో నాకు తోచలేదు. గ్రాఫు అటెండరుకు ఇచ్చి, కరీంనగర్ బస్సెక్కాను.

మూడో రోజు ఫోన్ మోగింది.

“ఓదెలన్నా. గ్రాఫు అందింది. గిదేంది, గది రాయలే?”

నిజమే. ఆ రోజు సంబరంలో ఇద్దరం మరిచిపోయాం.

“యాదికున్నదా? చెప్పుండ్రి. పెన్ను పట్టుకున్న.”

యాదికుండకేం. చెప్పాను. పొద్దున వాన పడి తొమ్మిదింటికి వెలిసింది. కిటికీలు రెండూ మూసి ఉన్నాయి, ఎడమ దానికి కింది అద్దం లేదు, అట్ట పెట్టాం. కూలర్ మూలకు, గడ్డి తీసేసి ఉంది. ఫ్యాన్ ఆపేశాం, వెండి తీగ కదులుతుందని. కల్వం తిరగేసి ఉంది. రాగి గొట్టం గోడకు దూరంగా, సలీం వంచిన వంపుతో. ఖాజా భాయ్ కొత్త నీలం సిలిండర్ దించి పోయాడు. సారు రెండుసార్లు తలుపు దగ్గర నిలబడి చూసి, లోపలికి రాకుండా పోయారు.

“ఇంకా?”

“మీ ఎడమ చేతికి గుడ్డ కట్టి ఉంది. నూరి నూరి బొబ్బలు లేసినయి.”

“అది గదిల రాదన్నా.”

“వస్తది మేడం.”

అవతల కాగితం మీద పెన్ను కదిలిన చప్పుడు.

“సరే. రాసిన.”

పేర్లు

నాకు అక్షరం తర్వాత అక్షరం చేతికందించిన గ్రంథాలయం యాదగిరి గారికి, నడుం విరిగేలా మోసి ఒక్కసారి కూడా తప్పు సిలిండర్ దించని ఖాజా భాయ్‌కి, రాగి గొట్టాన్ని నలగకుండా వంచిచ్చిన సలీంకు, భారజలం సీసా తెప్పించిన నరహరి సారుకు, ఆదివారం తడిపిన తువ్వాల మీద వెండి పూత మరక ఎట్లా పడిందని ఇప్పటిదాకా అడగని నా భార్య లక్ష్మికి, గ్రాఫు మడత పడకుండా మేడం చేతికిచ్చిన ఆదిలాబాద్ అటెండరుకు, అతని పేరు విఠల్ అని తర్వాత తెలిసింది, నా నమస్కారాలు. చివరగా స్వరూప మేడంకు. ఆమెకు నా దగ్గర ఉన్నది కృతజ్ఞత ఒక్కటే కాదు. మిగతాది ఏమిటో ఆమెకు తెలుసు.

ఇది రాసిన గది: కరీంనగర్, మా ఇంటి ముందు గది. కిటికీ తెరిచి ఉంది. బయట ఎండ. కూలర్ నడుస్తున్నది. పదకొండున్నరకు నీళ్లు నేనే పోశాను.